కొట్టేసిన రీడింగు

నాలుక కదపబోకూడదు. ఇవాళ నాకున్న పనల్లా అదొక్కటే. కదపడమంటే నిజంగా కదపడం కాదు, అది కదిలి ఏడాది దాటింది, నోట్లో తడిగుడ్డలా పడి ఉంది. ఎవరైనా పిలిస్తే ఊఁ అనబోతాం చూడండి, ఆ అనబోవడం, అదే ఉండకూడదు. ఎడమ చెవికి కాస్త పైన, ఎముక కింద, గోరంత పలక మీద వెంట్రుకల్లాంటి సూదులు గుచ్చి పెట్టారు. అవి పట్టుకునేది ఆ అనబోవడాన్నే. ఆలోచనల్ని పట్టుకోవు. ఆలోచనలు ఎన్నైనా చేసుకోవచ్చు, ఎవరినైనా తిట్టుకోవచ్చు, ఇదిగో ఇలా మీతో ఎంతసేపైనా వాగవచ్చు, నోటికి కబురు పంపనంతవరకూ ఏ సూదికీ తెలియదు. లెక్కల పిల్ల మొదటి రోజే చెప్పింది ఈ సంగతి. ఆ పిల్ల డాక్టరు కాదు, ఈ సూదుల నుంచి వచ్చే గీతల్ని మాటలుగా మార్చే లెక్క రాసిన మనిషి, మా అమ్మాయి కన్నా రెండు మూడేళ్లు పెద్దదేమో. మీ మనసు మేం చదవం మేడమ్, మీరు నోటికి పంపే కబురుని దారిలో వింటాం, అంతే, అంది. ఎంత బాగా చెప్పింది అనుకున్నాను. ముద్దొచ్చింది ఆ రోజు. ఇవాళ పొద్దున అదే పిల్ల నా తలకి వైరు బిగిస్తూ నర్సుకి చెప్పిన కబుర్లు విన్నాక ఆ ముద్దు కాస్తా ఎగిరిపోయింది.

కాసేపట్లో వస్తారు. నరాల డాక్టరు, లెక్కల పిల్ల, మా ఆయన, మా పిడుగు. పిడుగంటే మా అమ్మాయే. పుట్టినప్పుడు ఏడ్చిన ఏడుపుకి ఆ పేరు పెట్టేశాను, వాతావరణ ఆఫీసులో పనిచేసే తల్లికి ఇంకేం పేరు తోస్తుంది. వచ్చి మూడోసారి అడుగుతారు. ఇప్పటికి రెండుసార్లు అడిగారు, రెండుసార్లూ నేను ఒప్పుకున్నానట. మూడోసారి కూడా ఒప్పుకుంటే ఊపిరి మిషను ఆపేస్తారు. వేరువేరు రోజుల్లో మూడుసార్లు, ఆవిడ మాటల్లో ఆవిడే చెప్పాలి, అదీ రూలు. ఎంతో ఆలోచించి రాసుకున్నారు, వంక పెట్టడానికి లేదు. ఆవిడ మాటల్లో ఆవిడే! నాకు చావాలని లేదు. వినే దిక్కు లేకపోయినా చెబుతున్నాను, నాకు చావాలని లేదు, కాళ్లు పోయినప్పుడు లేదు, చేతులు పోయినప్పుడు లేదు, గొంతుకి రంధ్రం చేసి గొట్టం పెట్టినప్పుడు లేదు, ఆఖరికి కనురెప్పలు కూడా నా మాట వినడం మానేసిన పూట ఒకసారి అనిపించిందేమో, నర్సు వచ్చి తల దువ్వేసరికి అదీ పోయింది. ఈ జబ్బు కండని తింటుంది గాని చెవి జోలికి రాదు, చర్మం జోలికి రాదు. అన్నీ వినిపిస్తాయి. దోమ వాలితే తెలుస్తుంది. నడవాలో బూట్ల చప్పుడు బట్టి బయట నేల తడిగా ఉందో పొడిగా ఉందో చెప్పగలను. ఎందుకు బతకాలనుంది అంటే ఏం చెప్పను? సెలవు చీటీలో రాసినట్టు బతకడానికి కూడా కారణం చూపించాలా? ఉంది, అంతే.

ఈ మాటల మిషను మొదట్లో ఇలా లేదు. అది కూడా చెప్పాలి, లేకపోతే పాపం తగులుతుంది. కనురెప్పలు పనిచేసినన్నాళ్లూ బంగారంలా పనిచేసింది. నేను నోరు కదపబోతే తెర మీద అక్షరాలు వచ్చేవి, సరిగ్గా ఉంటే ఒకసారి రెప్ప వేసేదాన్ని, తప్పయితే రెండుసార్లు. తప్పుని తప్పని చెప్పే కొద్దీ అది నేర్చుకునేది. ఆ నెలల్లో నేను మాట్లాడిన మాటలు ఇన్నీ అన్నీనా! తువ్వాలు తడిది పెట్టమన్నాను, కిటికీ తెరవమన్నాను, మా ఆయన చొక్కాకి మూడో బొత్తం ఊడిందని చెప్పాను, పిడుగు జుట్టు అలా కత్తిరించుకున్నందుకు వాయించి పెట్టాను. అది ఆ తెర ముందు నిలబడి కళ్లనీళ్లు పెట్టుకుంటూ నవ్వింది. పిడుగు ఎప్పుడూ నవ్వుతూ ఏడ్చే రకమే. తర్వాత రెప్పలు పోయాయి. ఇప్పుడు నర్సు పొద్దున కాసేపు వాటిని పైకెత్తి పట్టీ అంటించి, చుక్కలు వేస్తే, పైకప్పూ, లైటూ, తెరకి పై అంచూ కనిపిస్తాయి, మళ్లీ మూసేస్తుంది. తెర చదవలేనని స్పీకరు పెట్టారు. తప్పని చెప్పడానికి నాకు ఏ దారీ మిగల్లేదు. ఆ సంగతి అందరికీ తెలుసు, కానీ అది పెద్ద సంగతి అని ఎవరికీ తోచలేదు, అప్పటికి మిషను అంత బాగా నేర్చుకుంది మరి.

మొదటిసారి జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వాలో ఏడవాలో తెలియదు. వీపు కింద దుప్పటి మడత పడింది. తాడులా నొక్కుతోంది, పొద్దుటి నుంచీ. డాక్టరు వచ్చి ఎలా ఉందమ్మా అన్నారు. అయ్యా, వీపు కింద మడత ఉంది, కాస్త లాగమనండి, అనబోయాను. స్పీకరు కాస్త ఆగి, నా గొంతుతో, అలసిపోయాను, ఇక చాలు, ఇంటికి వెళ్లాలని ఉంది, అంది. నాకు ముందు నవ్వొచ్చింది. ఎందుకంటే ఆ ముక్క నాదే. ఆఫీసులో షిఫ్టు మీద షిఫ్టు పడ్డ రోజుల్లో మా ఆయనకి పంపే మెసేజ్ అది, ఇరవై ఏళ్ల పాటు అదే మెసేజ్, ఒక్కోసారి పాతదాన్నే మళ్లీ పంపేదాన్ని. అంటే ఊపిరి మిషను ఆపమంటారా, అన్నారు డాక్టరు మెల్లగా. అదేంటయ్యా అది కాదు, మడత, మడత, అని అరిచాను, అంటే అరవబోయాను. సరే, నీ ఇష్టం, అంది స్పీకరు. మా ఆయన బావురుమన్నాడు. నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను, లోపలే. కాదు, కాదు, నాకేమీ వద్దు, మడత తీస్తే చాలు. దానికి జవాబుగా వచ్చింది వినండి: తినేసి పడుకో, నా కోసం చూడకు. ఆ మాటకి నర్సు కూడా ముక్కు చీదింది. రెండోసారి ఇంకా జాగ్రత్తగా, ఒక్కో మాటా విడదీసి, నేను, బతకాలి, అనబోయాను, పదిసార్లు అనబోయాను, పదిసార్లూ అలసిపోయాను అంది. ఆ మడత మాత్రం ఆ సాయంత్రం దాకా అలాగే ఉంది.

ఈ మిషనుకి చదువు చెప్పింది ఏంటో తెలుసా? నా ఫోను. మాటలు పోల్చుకోవడానికి ఆవిడ ఎలా మాట్లాడేదో తెలియాలి, పాత మెసేజ్‌లు ఇవ్వండి అని అడిగితే మా ఆయన ఫోను ఫోనంతా ఇచ్చేశాడు. పాపం, ఆయనా మంచికే ఇచ్చాడు. ఆయన పళ్లు కట్టే మనిషి, డాక్టర్లు పంపిన అచ్చులు చూసి సుద్దలోనూ మైనంలోనూ ముక్కూ మొహం తెలియని వాళ్ల పళ్లు చేసి పంపుతాడు, ఉన్నదున్నట్టు అచ్చు దిగితే చాలు పని సగం అయినట్టే అంటాడు. కానీ నేను ఫోనులో ఉన్నదున్నట్టు ఎప్పుడున్నాను? తిట్లన్నీ నోటితోనే. వంటింట్లో, మెట్ల మీద, స్నానాల గది తలుపు అవతల నుంచి. వద్దు అనేది, కుదరదు అనేది, నేను చచ్చినా ఒప్పుకోను అనేది అన్నీ ఎదురుగా నిలబడి అరిచినవే. రాసేటప్పుడు మాత్రం పని మధ్యలో, ఒక చేత్తో, సరే, వస్తున్నా, నీ ఇష్టం, అలసిపోయాను. ఆ మెసేజ్‌లు చదివితే నేను నోట్లో నాలుక లేని ఇల్లాలిని. ఇక గొంతు. ఫోన్ చేస్తే రేపటి వాతావరణం చెప్పే నంబరు ఒకటుండేది, అందులో చెప్పేది నేనే, ఏళ్ల తరబడి, ఆ రికార్డులన్నీ ఆఫీసులో ఉంటే తెచ్చి దాంతో గొంతు తయారుచేశారు. బులెటిన్ గొంతులో ఏడుపు ఉండదు, కోపం ఉండదు, తుపాను వస్తోందని చెప్పినా నిదానంగా చెబుతాం. అందుకే ఆ మాటలు అంత స్థిమితంగా, అన్నీ ఆలోచించుకున్న మనిషి చెప్పినట్టు వినిపిస్తాయి. రెండోసారి అయ్యాక పిడుగు ఒక్కతే అంది, అమ్మ ఇంత మర్యాదగా ఎప్పుడు మాట్లాడింది నాన్నా, అని. ఇలాంటి సమయంలో మనుషులు మెత్తబడతారమ్మా, అన్నారు డాక్టరు. మెత్తబడటం! నేను! ఒళ్లు మండింది.

అయినా అప్పటిదాకా నాకు కారణం తెలియదు. సూదులు పాడయ్యాయేమో, నేనే సరిగ్గా అనబోవడం లేదేమో, అని నన్ను నేనే తప్పుపట్టుకున్నాను. ఇవాళ పొద్దున వైరు బిగిస్తూ పిల్ల చెప్పేసింది. సూదుల చుట్టూ పొర పేరుకుని కబురు బాగా సన్నబడిందట. ఇదివరకైతే వారం వారం నా చేత వాక్యాలు అనిపించి సరిచూసుకునేవారు, ఇప్పుడు సరిచూడటానికి రెప్ప లేదు కదా, అందుకని మిషనే పగలంతా తాను పలికిన మాటల్నే సరైనవిగా తీసుకుని రాత్రి వాటితో మళ్లీ తనకి తానే చదువు చెప్పుకుంటుందట. మేడమ్‌ని ఇబ్బంది పెట్టక్కర్లేదు, ఇప్పుడు వాక్యాలు ఎంత శుభ్రంగా వస్తున్నాయో చూడండి, తడబాటే లేదు, అని మురిసిపోయింది పిల్ల. నర్సు కూడా అవునమ్మా అంది. శుభ్రంగా రాక ఏం చేస్తాయి? తన మాట తానే వింటూ తానే ఒప్పుకుంటుంటే తడబాటు ఎక్కడి నుంచి వస్తుంది? నేను అనబోయింది సన్నగా వినపడుతుంది, సరిగ్గా తెలియనప్పుడు దానికి బాగా అలవాటైన మాట వేసుకుంటుంది, రాత్రి ఆ మాటకి ఇంకొంచెం బలం వస్తుంది, మర్నాడు నేను ఇంకొంచెం సన్నబడతాను. ఇది నాకు కొత్త కాదు. ఈ గదిలో ఉన్నవాళ్లెవరికీ తెలియకపోవచ్చు గాని నా పని మొత్తం ఇదే.

ఆకాశం ఎలా ఉందో కంప్యూటర్‌కి ముందే ఒక ఊహ ఉంటుంది. తర్వాత రీడింగులు వస్తాయి, స్టేషన్ల నుంచి, బెలూన్ల నుంచి, ఓడల నుంచి. ఊహని ఎంత నమ్మాలి, రీడింగుని ఎంత నమ్మాలి, అదే మా లెక్కంతా. ఊహకి మరీ దూరంగా ఉన్న రీడింగుని కంప్యూటర్ అదే పక్కన పడేస్తుంది, దాన్ని మేం కొట్టేయడం అంటాం. చాలాసార్లు అది చేసిందే సబబు, వాన కొలిచే గొట్టంలో పిట్ట గూడు కట్టి ఉంటుంది, కొత్తగా చేరినవాడు అంకె తప్పు కొట్టి ఉంటాడు. కానీ ఒకసారి ఒక ఓడ గాలి ఒత్తిడి దారుణంగా పడిపోయిందని పంపింది. కంప్యూటర్ ఊహలో అక్కడ తుపాను లేదు. కొట్టేసింది. ఓడ మళ్లీ పంపింది, ఇంకా కిందకి పడింది అని. ఇంకా దూరం కదా, మళ్లీ కొట్టేసింది. ఎంత గట్టిగా నిజం చెబితే అంత అబద్ధం కింద లెక్క. మర్నాడు ఆ ఓడ కెప్టెన్ ఏదో రేవు చేరి మా ఆఫీసుకి ఫోన్ చేసి, మీ కంప్యూటర్ తడవదు కదమ్మా, అదృష్టవంతురాలు, అన్నాడు. అందరం ఆ మాట చెప్పుకుని నవ్వుకునేవాళ్లం టీ తాగేటప్పుడు. ఇప్పుడు నేను పంపుతున్న రీడింగులు ఒక్కోటే కొట్టేస్తోంది ఈ మిషను. బతకాలి అని ఎంత అరిస్తే అంత దూరం, ఎంత దూరమైతే అంత ధీమాగా చాలు అంటుంది. కెప్టెన్‌కి రేవు దొరికింది, ఫోను దొరికింది. నాకేది?

ఏడుపు రాదు, కన్నీళ్లు వస్తే చుక్కలమందు ఎక్కువైందనుకుని తుడుస్తారు. ఏం చేయాలి? ముందు ఒక తెలివి తోచింది. అరవకుండా దానికి అలవాటైన మాటల్లోనే ఏదో ఒకటి అంటే, దగ్గరగా ఉంటుంది కాబట్టి నమ్ముతుంది. నేను రాసిన మెసేజ్‌లలోనే వద్దు అనే అర్థం వచ్చేదొకటి దొరికితే చాలు. వెతికాను. ఏళ్లన్నీ వెతికాను. గొడుగు తీసుకెళ్లు, పాలు విరిగాయి, డాబా మీద బట్టలు తీసెయ్యి మధ్యాహ్నం వాన, నీ ఫోను ఎందుకు కలవదు, ఫీజు కట్టావా, సరే, సరే, సరే. పిడుగు ఇల్లు వదిలి వేరే ఊళ్లో ఉద్యోగానికి పోతానన్నప్పుడు నాలుగు రోజులు ఇంట్లో యుద్ధం చేశాను, గిన్నెలు విసిరాను, తీరా అది బస్సెక్కాక ఫోనులో రాసింది ఏంటి? క్షేమంగా వెళ్లు. అదీ నా రాత. నేను ఎవరికీ ఒక్క వద్దు కూడా రాసి పెట్టుకోలేదు. గొడుగు తీసుకెళ్లు అనగలిగాననుకోండి, ఆఖరి వేళలో కూడా కూతురి మీదే ధ్యాస అని ఇంకా గట్టిగా ఏడుస్తారు, అంతే తప్ప ఆగరు. ఈ మనుషులు ఇప్పుడు నా నోట ఏ మాట వచ్చినా వీడ్కోలుగానే వింటారు.

మిగిలింది ఒకటే. అసలు అనబోకుండా ఉండటం. కబురు బొత్తిగా లేకపోతే మిషను నోరు తెరవదు, అది ఇంకా పాడవలేదు, నేను నిద్రపోయేటప్పుడు అది మాట్లాడదు కదా. జవాబు లేకపోతే రూలు ప్రకారం ఏమీ చేయలేరు. ఎంత తేలిక! అనుకున్నాను. నర్సు వచ్చి, ఏం తల్లీ, పక్కకి తిప్పనా, అంది. ఆవిడ ఎప్పుడూ అడుగుతుంది, జవాబు కోసం ఆగదు, అది ఆవిడ మంచితనం. నేను ఆపుకునేలోపే ఊఁ లేచింది. సరే, అంది స్పీకరు. ఇంకోసారి. నీళ్లు చల్లగా ఉన్నాయా? సరే. ఛీ, నా మొహం. యాభై ఏళ్లుగా పిలిస్తే పలికిన నోరు, అది ఇప్పుడు ఎవరి మాట వింటుంది? అనకూడదు, అనకూడదు అని బిగబట్టిన కొద్దీ నాలుక ఇంకా ముందుకొస్తుంది. అప్పుడు స్టేషన్‌లో చేరిన కొత్తలో పరిశీలన నేర్పిన పద్ధతి గుర్తొచ్చింది. బయటికెళ్లి నిలబడు, ఉన్నది చూడు, బాగుందనో బాగాలేదనో అనుకోకు. మబ్బు ఎంత, ఏ ఎత్తున, చూపు ఎంత దూరం ఆనుతోంది. అలా చేసి చూశాను. నర్సు చేతి గాజు మంచం కమ్మీకి తగిలింది. ఊపిరి మిషను ఎగబీల్చింది, వదిలింది. మందు వాసన. ఎడమ మడమ దగ్గర దురద. ఆవిడ ఏదో అడిగింది, ప్రశ్న వచ్చింది అని మాత్రం గుర్తించి వదిలేశాను. స్పీకరు పలకలేదు. బాబోయ్, పలకలేదు!

దీని ఖరీదు నాకు తెలియక కాదు. నేను పలకడం మానేస్తే సూదులు పనికిరాకుండా పోయాయంటారు. అప్పుడు ఎముక తెరిచి తీసేస్తారు. ఆ తర్వాత ఇక ఏ మిషనూ ఉండదు, తప్పో ఒప్పో ఒక్క ముక్క కూడా ఉండదు. ఎన్నేళ్లో తెలియదు, ఈ పైకప్పు కింద, అన్నీ వింటూ. భయంగా ఉంది. ఎవరితోనైనా చెప్పుకుంటే సగం తగ్గే భయం, చెప్పుకోవడానికే లేదు. పోనీ ఒప్పేసుకుందామా అని ఒక్క క్షణం అనిపించింది, నిజమే చెబుతున్నాను, ఒక్క క్షణం. అంతలో నడవాలో బూట్ల చప్పుడు. నేల తడిగా ఉంది. నలుగురు. వాళ్లలో ఒకరు కాళ్లు ఈడుస్తున్నారు, మా ఆయన.

డాక్టరు నా పేరుతో పిలిచి, మొదలుపెట్టారు. మంచివాడు, గొంతులో తొందర లేదు. ఇంతకుముందు రెండుసార్లు చెప్పారు, ఇవాళ ఆఖరుసారి అడుగుతున్నాను, ఊపిరి మిషను ఆపమన్నది మీ నిర్ణయమేనా, మీ మాటల్లో చెప్పండి, అన్నారు. ప్రశ్న వచ్చింది. ఎవరో కుర్చీ జరిపారు. తెర వెనక ఫ్యాను చిన్నగా గీస్తోంది. ఊపిరి మిషను ఎగబీల్చింది, వదిలింది. కాదు అన్న మాట నాలుక కొస దాకా వచ్చి నిలబడింది, కాదు నాయనా కాదు, దాని వైపు చూడలేదు. కిటికీ అద్దం మీద చినుకు. ఇంకో చినుకు. డాక్టరు మళ్లీ అడిగారు. సిగ్నల్ ఉందా అని మెల్లగా అడిగారు లెక్కల పిల్లని. ఏమీ రావడం లేదు సార్, అసలు ప్రయత్నమే కనిపించడం లేదు, అంది పిల్ల, టకటకా ఏవో మీటలు నొక్కుతూ, తన లెక్క పాడైందనుకుందేమో. అంతలో సుద్దపొడి వాసన దగ్గరికొచ్చింది. మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ గోళ్ల సందుల్లో సుద్ద ఎంత కడిగినా పోదు.

"ఏమే, నీకిచ్చిన మాట నేను తప్పను. నువ్వు చాలంటే చాలు. కానీ నీ నోటితో చెప్పాలి. నా అంతట నేను చెయ్యలేను."

అయ్యో పిచ్చి మనిషీ! చెయ్యకు! ఎవరు చెయ్యమన్నారు నిన్ను? ఇదంతా లోపల, నాలుకకి ఇవతల. చెయ్యి వెచ్చగా ఉంది. బొటనవేలు గరుకుగా ఉంది. వేలు నా మణికట్టు మీద ముందుకీ వెనక్కీ తిరుగుతోంది. ఆయన ఏడుపు నా మోచేతి మీద పడింది, ఒకటి, ముందు వేడిగా, తర్వాత చల్లగా. ముప్పై ఏళ్లలో ఆయన ఏడుస్తుంటే ఊరుకో అనకుండా ఉన్నది ఇదే మొదలు. పలకలేదు. ఎంతసేపు గడిచిందో తెలియదు. ఆఖరికి డాక్టరు, జవాబు లేనిదే మేం ముందుకెళ్లం అన్నారు. నాలో ఏదో తాడు తెగినట్టయింది, ఆనందమో ఏమో, దాన్ని కూడా అక్కడే ఉండమన్నాను. తర్వాత ఇంకో మాట అన్నారాయన. మాటల మిషను ఆపవద్దు, రాత్రీ పగలూ ఉంచండి, ఆవిడ ఎప్పుడు చెబితే అదే మూడోసారి కింద రాసుకుందాం, వారం దాకా చూసి అప్పటికీ ఏమీ లేకపోతే సూదులు తీసేద్దాం. లెక్కల పిల్ల స్పీకరుని నా తల పక్కకి జరిపింది, గొంతు కాస్త పెంచింది, ఎవరూ లేనప్పుడు మాట్లాడినా అందరికీ వినపడాలని. మీకు మాట్లాడాలనిపించినప్పుడే మాట్లాడండి మేడమ్, అంది నా చెవిలో. మంచి పిల్ల. మంచివాళ్లే అందరూ. అదే నా ఖర్మ.

అందరూ వెళ్లారు. పిడుగు వెళ్లలేదు. కుర్చీ లాక్కుని మంచానికి ఆనుకుని కూర్చుంది. దాని ఊపిరి నా మిషను ఊపిరితో కలిసీ కలవక వినిపిస్తోంది. తర్వాత మొదలుపెట్టింది, వాళ్ల ఆఫీసులో ఎవరో జీడిపాకం మనిషి గురించి, వాడు అడిగిన దానికల్లా మెయిల్ పెట్టమంటాడట, లిఫ్టులో ఎదురుపడితే నమస్కారం కూడా మెయిల్‌లో పెడతాడేమో అంది. నవ్వొచ్చింది. నవ్వు కూడా నోటి పనే కదా, దాన్ని మింగాను. మింగడం కూడా రాదు నాకు, అయినా మింగాను. నా మొహం మీదకి వంగిందని తెలిసింది, జుట్టు బుగ్గకి తగిలింది, ఇంకా పొట్టిగానే కత్తిరించుకుంటోంది, మొండి ఘటం.

"అలిగావా? నువ్వు అలిగితే ఇలాగే ఉండేది ఇల్లు."

అని నవ్వబోయి మధ్యలో ఆగిపోయింది. నవ్వు ఎందుకు ఆగిందో నాకు కనిపించదు. కుర్చీ కిర్రుమంది. అది స్పీకరు వైపు తిరిగిందో, తలుపు వైపు తిరిగిందో, నా వైపే చూస్తోందో. చూడవే, అలా చూడు, ఇంకాసేపు చూడు, నేను ఎప్పుడైనా ఎవరికైనా సరే అని ఊరుకున్నానా చెప్పు? నేను ఇక్కడే ఉన్నాను. నీతో తప్ప ఎవరితో అలుగుతాను? ఇవన్నీ ఇవతలే ఉంచి, కుర్చీ కిర్రుమనడం విన్నాను, చినుకులు విన్నాను. పిడుగు లేచి నా కాళ్ల దగ్గరికి వెళ్లింది. దుప్పటి తొలగి ఉంది కాబోలు, పాదాలు రెండూ అరచేతుల్లోకి తీసుకుంది.

"ఇంత చల్లగా ఉన్నాయేంటి? చలేస్తోందా అమ్మా?"

అడిగి, ఆగింది. నర్సులా కాదు, జవాబు కోసం నిజంగా ఆగింది. చలేస్తూనే ఉంది. నేనేమీ అనలేదు.